పెద్ద కంపెనీ మెయిల్ నుంచి సొంత చిరునామాకు: ఒక డీటీపీ గది అనుభవం

2023 జూలైలో పదకొండు రోజుల పాటు నా మెయిల్ నాకు తెరుచుకోలేదు.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక గదిలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ చేస్తున్నాను. రచయితలు పంపిన రాతప్రతి కంపోజ్ చేయడం, ప్రూఫు మెయిల్లో పంపడం, దిద్దుబాట్లు తీసుకోవడం, చివరికి పీడీఎఫ్ ప్రెస్సుకు చేర్చడం, ఇదే నా పని. ఆ నెలలో నా ఫోను నీళ్ళలో పడి పాడైంది. కొత్త ఫోనులో మెయిల్ తెరవబోతే పాస్‌వర్డు సరిగ్గా కొట్టినా చాలదన్నారు. ఒక నంబరుకు కోడ్ పంపుతాం, అది చెప్పమన్నారు. ఆ నంబరు ఖాతా తెరిచిన రోజుల్లో మావారు వాడినది. ఆరేళ్ళ క్రితమే వదిలేశాం. ఫోన్ చేసి మాట్లాడదామంటే అక్కడ మనిషి లేరు. ఫారం నింపితే మర్నాడు 'మీరేనని నిర్ధారించలేకపోయాం' అని జవాబు వచ్చేది. తొమ్మిదిసార్లు నింపాను. తొమ్మిదిసార్లూ అదే జవాబు.

సరిగ్గా అప్పుడే గుడివాడ మాస్టారి పుస్తకం చివరి దశలో ఉంది. ఆవిష్కరణ తేదీ ఖాయమైంది, ఆహ్వానపత్రాలు పంచేశారు. ఆయన పంపిన ఆఖరి దిద్దుబాట్లు ఆ మూతపడిన ఇన్‌బాక్స్‌లో ఉన్నాయి. 81 ఏళ్ళ పెద్దమనిషి, మళ్ళీ ప్రూఫు మొత్తం చేత్తో దిద్దుకుని, ఆ కాగితాల కట్ట సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చారు. "ఉత్తరం పోస్టులో వేస్తే ఇంతకంటే ముందే వచ్చేదేమోనమ్మా" అన్నారు. ఆయన కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. పదకొండో రోజున బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక కుర్రాడు పాత ఫోనును ఆరబెట్టి బతికించాడు. అందులో మెయిల్ ఇంకా తెరిచే ఉంది. అలా బయటపడ్డాను.

ఆ సేవ పేరు ఇక్కడ అనవసరం. ఏ పెద్ద ఉచిత సేవలోనైనా ఇలా జరగవచ్చు. ఆ రోజుల్లో నాకు బాగా తెలిసివచ్చింది ఏమిటంటే, నా విజిటింగ్ కార్డు మీద, బిల్లు పుస్తకం మీద, నేను కూర్చిన వందలాది పుస్తకాల రెండో పేజీలో అచ్చయిన ఆ చిరునామా నాది కాదు. గది అద్దెదే అయినా గుమ్మం మీది బోర్డు నాది. గది మారితే బోర్డు ఊడదీసుకుని పోతాను. మెయిల్‌కు మాత్రం బోర్డు కూడా ఇంటి ఓనరుదే.

2025 అక్టోబరు 8న కేంద్ర హోం మంత్రి అమిత్ షా తన మెయిల్‌ను జోహో అనే భారతీయ కంపెనీ సేవకు మార్చుకున్నట్టు ప్రకటించారు. ఆ వారంలో నలుగురు రచయితలు నాకు ఫోన్ చేసి, "నువ్వు ఎప్పుడో మారావు కదమ్మా, మాకూ ఒకటి పెట్టించు" అని అడిగారు. నలుగురికీ ఒకటే చెప్పాను. చిరునామా చివర ఇంకో కంపెనీ పేరు వచ్చేలా మారితే బోర్డు మళ్ళీ ఇంకొకరి చేతిలోనే ఉంటుంది. మారేటప్పుడే మన పేరు మనం కొనుక్కోవాలి. ఎలా కొనాలో, కొన్నాక ఎలా కాపురం చేయాలో నాకు అనుభవమైనంత మేరకు రాస్తున్నాను.

ముందు పేరు

చిరునామాలో 'ఎట్' గుర్తు తర్వాత వచ్చే భాగమే డొమైన్. ఏడాదికి ఇంత అని కట్టి మన పేరు మీద నమోదు చేసుకుంటాం. 'డాట్ ఇన్' అయితే నాకు ఏడాదికి వెయ్యి రూపాయల లోపే పడుతోంది. మొదటి ఏడాది వందా నూటయాభైకే అని ఊరించే ప్రకటనలు చూస్తారు. మీరు చూడవలసింది రెండో ఏడాది నుంచి కట్టవలసిన రెన్యూవల్ ధర. ఒకేసారి పదేళ్ళ వరకు కట్టుకోవచ్చు. నేను ఐదేళ్ళకు కట్టాను.

పేరు ఎంచుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ వృథా కాలేదు. మన చిరునామాను మనం ఎక్కువగా ఫోనులోనే చెబుతాం. తెలుగు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. నేను మొదట 'అక్షరలత' అనుకున్నాను. ఐదుగురికి ఫోన్ చేసి, ఆ పేరు ఒక్కసారి చెప్పి, వాట్సాప్‌లో రాసి పంపమన్నాను. ఒకరు టీ పక్కన హెచ్ పెట్టారు, ఒకరు పెట్టలేదు. ఒకరు కె, ఎస్ కలిపి 'క్ష' చేశారు, మరొకరు ఎక్స్ రాశారు. ఐదుగురిలో ఇద్దరు మాత్రమే ఒకేలా రాశారు. 'శ్రీ' ఉన్న పేర్లు, దీర్ఘాలు ఉన్న పేర్లు, ణ, ళ ఉన్న పేర్లు, వీయో డబ్ల్యూయో తేలని పేర్లు అన్నీ ఇదే దారి. చివరికి అందరూ ఒకే విధంగా రాసిన ఆరు అక్షరాల పేరు తీసుకున్నాను. మీరు కూడా కొనేముందు ఈ ఐదు ఫోన్లు చేయండి. కొన్నాక వెనక్కి ఇవ్వడం కుదరదు.

'డాట్ భారత్' అని తెలుగు లిపిలోనే డొమైన్లు ఉన్నాయి. చిరునామా మొత్తం తెలుగులో ఉండేందుకు కావలసిన సాంకేతిక ప్రమాణాలు 2012లోనే సిద్ధమయ్యాయి. తెలుగు అక్షరాలు కూర్చుకుని బతికేదాన్ని, మనసు అటే లాగింది. కానీ నేను ప్రయత్నించిన మూడు ఫారాలూ ఆ చిరునామాను తీసుకోలేదు. ప్రధాన చిరునామాగా మాత్రం ఇప్పటికి వద్దు.

డొమైన్ అమ్మేవారి దగ్గర ఖాతా తెరిచేటప్పుడు ఒక మెయిల్ చిరునామా అడుగుతారు. అక్కడ ఆ డొమైన్ చిరునామానే ఇవ్వకండి. గడువు మీరిపోయి మెయిల్ ఆగితే, 'గడువు మీరింది' అన్న కబురు కూడా ఆగిన మెయిల్‌కే వస్తుంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది. వేరే ఏదైనా పాత చిరునామా ఇవ్వండి. ఈ ఖాతాను మెయిల్ సేవ దగ్గర కాకుండా విడిగా పెట్టుకోవడం నయం. రేపు సేవ మార్చుకోవాలనిపిస్తే పేరు ఆ గొడవలో ఇరుక్కోదు.

తర్వాత సేవ

పేరు మీ చేతిలో ఉన్నాక ఏ సేవ అన్నది మరీ ప్రాణం మీదికి వచ్చే నిర్ణయం కాదు. నచ్చకపోతే ఆరు నెలలకు మార్చుకుంటారు. అయినా వాటి గుణాలు వేరు కాబట్టి చెబుతాను.

ఉత్తరం ఎవరూ చదవకూడదన్నది మీ మొదటి కోరిక అయితే ప్రోటాన్, టూటా చూడండి. ప్రోటాన్ మెయిల్ 2014లో స్విట్జర్లాండ్‌లో మొదలైంది, సెర్న్ అనే అణు పరిశోధన కేంద్రంలో పరిచయమైన శాస్త్రవేత్తలు పెట్టింది. టూటా జర్మనీలోని హానోవర్‌ది, 2023 దాకా దాని పేరు టూటానోటా. ఈ రెండిటిలోనూ ఉత్తరం గుప్తలిపిలో దాచబడుతుంది, సంస్థవారు కూడా చదవలేరు. టూటా విషయ పంక్తిని (సబ్జెక్టు) కూడా దాస్తుంది, ప్రోటాన్ దాయదు. దీనికి ప్రతిగా కొన్ని సౌకర్యాలు వదులుకోవాలి. థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాములో టూటా తెరుచుకోదు. ప్రోటాన్ తెరుచుకోవాలంటే డబ్బు కట్టే ఖాతా ఉండాలి, కంప్యూటర్లో 'బ్రిడ్జ్' అనే మరో ప్రోగ్రాము నడుస్తూ ఉండాలి.

గుప్తలిపి ఉంది కదా అని చట్టానికి అతీతం అనుకోవద్దు. 2021లో స్విస్ అధికారుల ఆదేశం మేరకు ఒక ఫ్రెంచి ఉద్యమకారుడి ఐపీ చిరునామాను, అంటే ఏ ఇంటర్‌నెట్ కనెక్షన్ నుంచి వచ్చాడో చెప్పే అంకెను, ప్రోటాన్ అప్పగించింది. ఉత్తరాల్లో ఏముందో మాత్రం వారికీ తెలియదు కాబట్టి ఇవ్వలేదు. ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. మీరు ప్రోటాన్ నుంచి జీమెయిల్ ఉన్నవారికి మామూలుగా రాస్తే, ఆ ఉత్తరం ప్రతి గూగుల్ సర్వర్లో ఉంటుంది. నా రచయితల్లో పదిమందికి తొమ్మిదిమంది జీమెయిల్ వాళ్ళే. గోప్యత రెండు చివరలా ఉంటేనే గోప్యత.

ఫాస్ట్‌మెయిల్ ఆస్ట్రేలియాది, 1999 నుంచి ఉంది. పై రెండిటిలాంటి గుప్తలిపి ఏర్పాటు లేదు, ప్రకటనలూ లేవు, డబ్బు కట్టి వాడుకునే నిఖార్సయిన మెయిల్. బెర్లిన్‌లో మెయిల్‌బాక్స్ డాట్ ఆర్గ్, పోస్టియో ఉన్నాయి. పోస్టియో నెలకు ఒక్క యూరోకే వస్తుంది కానీ సొంత డొమైన్ పెట్టుకోనివ్వదు, కాబట్టి మన పనికి రాదు. మన దగ్గరిది చెన్నై కేంద్రంగా నడిచే జోహో. దాని మెయిల్ 2008 నుంచి ఉంది. సొంత డొమైన్‌తో ఐదుగురి వరకు ఉచిత ఖాతాలు ఇస్తుంది. ఆ ఉచిత ఖాతాలను వారి వెబ్‌సైటులో, వారి యాప్‌లో మాత్రమే చూడాలి. థండర్‌బర్డ్‌లో కావాలంటే డబ్బు కట్టాలి.

విదేశీ సేవలకు డబ్బు కట్టడం దగ్గర మనకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. కొత్త కార్డులు దేశంలో చెల్లింపులకే తెరిచి ఇస్తారు. విదేశీ చెల్లింపును బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. 2021 అక్టోబరు నుంచి, తనంతట తాను కోసుకునే చెల్లింపులకు ముందుగా అనుమతి నమోదు కావాలని రిజర్వు బ్యాంకు నియమం వచ్చింది. దాంతో నెలనెలా కట్టే ఏర్పాటు చేసుకుంటే ఏదో ఒక నెల చెల్లింపు తప్పిపోవచ్చు. ఏడాదికి ఒకసారి మీరే చేత్తో కట్టండి.

నేను పనికి జోహోలో డబ్బు కట్టే ఖాతా తీసుకున్నాను. నెలకు వంద రూపాయల లోపే పడింది. ఇంటి వ్యవహారాలకు, మా అమ్మాయికి రాసే ఉత్తరాలకు ప్రోటాన్ ఉచిత ఖాతా ఉంది. 2025 ఏప్రిల్ 29న కర్ణాటక హైకోర్టు ప్రోటాన్ మెయిల్‌ను దేశంలో నిలిపివేసే చర్యలు తీసుకోమని కేంద్రాన్ని ఆదేశించినప్పుడు మా అమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది. ఆ తర్వాత కూడా నా ఖాతా తెరుచుకుంటూనే ఉంది. కానీ ఆ రాత్రి ఉత్తరాలన్నీ దింపుకుని హార్డ్ డిస్కులో పెట్టుకున్నాను. పని మెయిల్ గురించి ఒక్క క్షణం కూడా బెంగపడలేదు. అది ఏ సేవలో ఉన్నా చిరునామా నా పేరు మీదే ఉంటుంది, ఇంకో సేవకు తిప్పుకోవడానికి ఒక పూట చాలు.

నాలుగు నమోదులు

డొమైన్ ఖాతాలో 'డీఎన్ఎస్' అనే పేజీ ఉంటుంది, మన పేరుకు ఏ సర్వర్లు పనిచేస్తాయో రాసే చోటు అది. అందులో నాలుగు రకాల నమోదులు చేయాలి. హైదరాబాదులో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోనులో చెబుతుంటే నేను చేశాను. ఏది ఎందుకో తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో మీరే పట్టుకోగలరు.

ఎంఎక్స్ అనేది నాకు వచ్చే ఉత్తరాలు ఏ సర్వర్‌కు చేర్చాలో చెబుతుంది. ఒకటికి రెండు సర్వర్లు ఇస్తారు, పక్కన అంకె ఉంటుంది. చిన్న అంకె ఉన్నదానికి ముందు వెళుతుంది. ఎస్‌పీఎఫ్ అనేది నా పేరుతో ఉత్తరం పంపడానికి ఏ సర్వర్లకు హక్కుందో చెప్పే జాబితా. డీకిమ్ అనేది ప్రతి ఉత్తరానికీ వేసే ముద్ర లాంటిది, దారిలో ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. డీమార్క్ అంటే, ఎస్‌పీఎఫ్, డీకిమ్ పరీక్షలు రెండిటిలోనూ తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో అవతలివారికి మనం ఇచ్చే సూచన. మొదట 'నన్' అని పెట్టండి, అంటే ఏ చర్యా వద్దు, నివేదిక పంపితే చాలని. నెల రోజులు అంతా సవ్యంగా నడిస్తే 'క్వారంటైన్' చేయండి, అంటే అలాంటివాటిని స్పామ్‌లో పడేయమని. వీటిని వదిలేస్తే ఏమవుతుందిలే అనుకోకండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ నియమాలను గట్టిపరిచాయి.

నేను చేసిన తప్పు ఒకటుంది. డొమైన్ కొన్నప్పుడే అమ్మినవారు ఒక ఎస్‌పీఎఫ్ వరుస దానంతట అదే పెట్టి ఉంచారు. దాన్ని చూడకుండా కింద కొత్తది చేర్చాను. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ వరుస ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే రెండూ చెల్లవు. వారం రోజులు నా ప్రూఫులన్నీ అవతల స్పామ్‌లో పడ్డాయి. ఉత్తరాలు చేరాయనే అనుకున్నాను, ఎవరూ జవాబివ్వకపోతే చదువుతున్నారేమో అనుకున్నాను. చివరికి ఒక రచయిత్రి "మీ మెయిల్ చెత్తలో దొరికింది మేడమ్" అన్నారు. పాత వరుస తీసేశాక రెండు గంటల్లో సర్దుకుంది. మీరు మొదటి రోజే నాలుగు వేర్వేరు సేవలు వాడే నలుగురికి ఉత్తరం పంపి, ఎక్కడ పడిందో ఫోనులో అడగండి. స్పామ్‌లో పడితే 'ఇది స్పామ్ కాదు' అని నొక్కించండి. కొత్త డొమైన్‌కు మొదటి నెల పరపతి ఉండదు, అది ఉత్తరాలు నడిచిన కొద్దీ వస్తుంది.

పాత ఉత్తరాలు

తేవడానికి ముందు ఊడ్చండి. నా పాత ఖాతాలో 13 జీబీ ఉంది. అందులో 9 జీబీ అచ్చయిపోయిన పుస్తకాల ప్రూఫులే. పెద్ద అటాచ్‌మెంట్లను వేరుగా వెతికి, కావలసినవి డిస్కులోకి దింపి, మిగతావి తీసేశాను. ఆ తర్వాత కొత్త సేవలోని 'మైగ్రేషన్' పేజీలో పాత ఖాతా వివరాలు ఇస్తే అదే ఒక్కొక్కటిగా లాక్కుంది. రెండు రాత్రులు పట్టింది. జీమెయిల్ వాడేవారికి 'టేకౌట్' అనే సదుపాయం ఉంది. మొత్తం మెయిల్‌ను ఒకే ఫైలుగా ఇస్తుంది, దాన్ని థండర్‌బర్డ్‌లో తెరుచుకోవచ్చు. మారినా మారకపోయినా ఆ ప్రతి ఒకటి ఇంట్లో ఉంచుకోండి. నాకు ఆ పదకొండు రోజుల్లో లేనిది అదే.

తర్వాత పాత ఖాతాలో 'ఫార్వర్డ్' పెట్టి, వచ్చేవన్నీ కొత్తదానికి మళ్ళించండి. పాత ఖాతాను మూసేయకండి. ఏడాదైనా నడవాలి.

పొడవాటి పుస్తకం

అసలు పని ఇక్కడ ఉంది. కంప్యూటర్ పని రెండు రోజులైతే ఇది ఏడు నెలలు పట్టింది. కిరాణా కొట్లలో వాడే పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి కొని, పాత చిరునామా ఎక్కడెక్కడ ఇచ్చానో రాయడం మొదలుపెట్టాను. కూర్చుని గుర్తుచేసుకుంటే ఇరవై ఆరు వచ్చాయి. మళ్ళించిన ఉత్తరాలు వస్తున్న కొద్దీ ఒక్కొక్కటే చేరి అరవై నాలుగు అయ్యాయి. పాత చిరునామాకు వచ్చిన ప్రతి ఉత్తరమూ 'నన్నింకా మార్చలేదు' అని చెప్పే ఉత్తరమే. జాబితా మీరు తయారుచేయనక్కర లేదు, అదే తయారవుతుంది.

వరుస ఇలా పెట్టుకున్నాను. ముందుగా బ్యాంకులు. ఒక బ్యాంకులో ఫోనులోనే అయిపోయింది. ఇంకో బ్యాంకుకు కాగితం మీద రాసి, పాసుపుస్తకం తీసుకుని వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ కౌంటర్లో ఉన్న అబ్బాయి నా చిరునామా చదివి, "చివర జీమెయిల్ డాట్ కామ్ రాయలేదు మేడమ్" అన్నాడు. అక్కర్లేదన్నాను. "ఇలా కూడా ఉంటుందా?" అని పక్క కౌంటర్ ఆవిడను అడిగి వచ్చాడు. పాపం, అతని తప్పేమీ లేదు, ఫారం మీదే 'జీమెయిల్ ఐడీ' అని అచ్చయి ఉంది. ఈ ప్రశ్న మీకు మీసేవలో, స్కూల్లో, ఆసుపత్రి రిసెప్షన్లో ఎదురవుతుంది. నేను చిరునామాను పెద్ద అక్షరాల్లో అచ్చు వేసిన చిన్న చీటీలు పర్సులో పెట్టుకున్నాను. చెప్పకుండా చీటీ చేతికిస్తాను. అలవాటుగా 'డాట్ ఇన్' తర్వాత 'డాట్ కామ్' చేర్చేవారు ఉంటారు, కాబట్టి టైపు చేశాక తెర నావైపు తిప్పి చూపించమంటాను.

తర్వాత ఆదాయపు పన్ను. నోటీసులు మెయిల్‌కే వస్తాయి కాబట్టి దీన్ని ఆలస్యం చేయవద్దు. పోర్టల్‌లో ప్రొఫైల్ పేజీకి వెళ్ళి మారిస్తే ఓటీపీలతో అయిపోతుంది. పీఎఫ్, బీమా, ఆధార్, గ్యాసు, రైలు టికెట్ల ఖాతా, కరెంటు బిల్లు వరుసగా చేశాను. మ్యూచువల్ ఫండ్లు ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫండు కంపెనీలు వేరైనా లెక్కలు నడిపే సంస్థలు ప్రధానంగా రెండు, క్యామ్స్, మన హైదరాబాదుకు చెందిన కేఫిన్‌టెక్. రెండు చోట్లా చూసుకోవాలి. ఒకచోట మార్చి రెండోది మరిచిపోతే సగం స్టేట్‌మెంట్లు పాతదానికే వెళుతుంటాయి.

'గూగుల్‌తో లాగిన్' అని నొక్కి తెరిచిన ఖాతాలు వేరే కోవ. వాటిలో ముందు విడిగా పాస్‌వర్డు పెట్టుకుని, తర్వాత చిరునామా మార్చాలి. ఇక ఆండ్రాయిడ్ ఫోనుకు ప్లే స్టోర్ కోసం గూగుల్ ఖాతా ఉండనే ఉంటుంది. ఉండనివ్వండి. గూగుల్ ఖాతాను మీ సొంత చిరునామాతో కూడా తెరవవచ్చు. ఫోను నడపడానికి ఒక ఖాతా, ఉత్తరాలకు ఇంకొకటి అని విడదీసుకోవడమే మనకు కావలసింది.

బ్యాంకు, పన్ను, పీఎఫ్ మూడింటికీ నేను వేరు చిరునామా ఇచ్చాను. సొంత డొమైన్‌లో ఎట్ గుర్తుకు ముందు భాగం మన ఇష్టం. పనికి ఒకటి, డబ్బుకు ఒకటి, కొట్లలో అడిగితే ఇవ్వడానికి ఒకటి, అన్నీ ఒకే పెట్టెలో పడేలా పెట్టుకోవచ్చు. డబ్బు చిరునామాను ఆ మూడుచోట్ల తప్ప ఎక్కడా ఇవ్వలేదు. పని చిరునామాకు 'మీ ఖాతా స్తంభించింది, వెంటనే నొక్కండి' అని బ్యాంకు పేరుతో ఉత్తరం వస్తే, చదవకుండానే దొంగదని తెలిసిపోతుంది.

రోజూ వాడుకునేటప్పుడు

పొద్దున కంప్యూటర్లో థండర్‌బర్డ్ తెరుస్తాను. ఫోనులో కూడా అదే. ఆండ్రాయిడ్‌కు 2024 అక్టోబరులో వచ్చింది. ఉత్తరాలు సర్వర్లోనూ నా డిస్కులోనూ ఉంటాయి, ఇంటర్‌నెట్ పోయినా పాత ఉత్తరం తెరుచుకుంటుంది.

అటాచ్‌మెంటు 25 ఎంబీ వరకు పోతుందని రాసి ఉన్నా నమ్మవద్దు. మెయిల్లో ప్రయాణించేటప్పుడు ఫైలు దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది. 18 ఎంబీ దాటిన పుస్తకాన్ని నేను లింకుగానే పంపుతాను.

తెలుగులో వెతకడం ఏ సేవలోనూ నాకు తృప్తిగా దొరకలేదు. పేరుకు విభక్తి అంటుకుంటే వెతుకులాట తప్పిపోతుంది. 'గుడివాడ' అని వెతికితే 'గుడివాడలో' రాకపోవచ్చు. ప్రోటాన్‌లో ఉత్తరం లోపలి మాటలు వెతకాలంటే ముందు మీ బ్రౌజర్‌లోనే సూచిక తయారుచేసుకోవాలి, గుప్తలిపిలో ఉన్నదాన్ని సర్వర్ చదవలేదు కనుక. అందుకని ప్రతి పుస్తకానికీ ఒక అంకె ఇచ్చి విషయ పంక్తిలో మొదట అదే రాస్తాను. మాస్టారి కొత్త పుస్తకం 114. ఆయన కూడా ఇప్పుడు ఉత్తరం పైన 114 అని రాసి పంపుతున్నారు.

యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిన వ్యాసాన్ని ఉత్తరంలోనే అతికిస్తే, అవతల ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసి కనిపిస్తాయి. మారిన కొత్తలో ముగ్గురు రచయితలు "నీ కొత్త మెయిల్‌లో తెలుగు రావడం లేదు" అన్నారు. మెయిల్‌కు దానితో సంబంధం లేదు. ఆ ఫాంటు లేనిచోట ఆ అక్షరాలు అలాగే కనబడతాయి. యూనికోడ్‌లోకి మార్చి అతికించమనండి, లేదా పీడీఎఫ్ చేసి జతపరచమనండి.

కాగితం మీద రాయవలసినవి

సొంత పేరు ఉంటే సొంత బాధ్యత కూడా ఉంటుంది. డొమైన్ గడువు మీరి చేజారితే దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవారికి ఆ క్షణం నుంచి మీకు రావలసిన ఉత్తరాలన్నీ, ఓటీపీలతో సహా వెళతాయి. దీనికంటే పెద్ద ప్రమాదం ఈ ఏర్పాటులో ఇంకొకటి లేదు. నాది 2028 సెప్టెంబరు వరకు ఉంది. ఏటా ఉగాదికి కొత్త గోడ క్యాలెండరు తగిలించేటప్పుడు సెప్టెంబరు పేజీ మీద ఎర్ర సిరాతో డొమైన్ అని రాస్తాను, గడువు ఎంత దూరంలో ఉన్నా సరే.

రెండంచెల లాగిన్ పెట్టుకున్నప్పుడు ఇచ్చే రికవరీ కోడ్లను అచ్చు తీసి, బీరువాలో ఎల్‌ఐసీ బాండ్ల కవరులో పెట్టాను. ప్రోటాన్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. పాస్‌వర్డు మరిచిపోయి కొత్తది పెట్టుకుంటే, ముందే తీసిపెట్టుకున్న రికవరీ మాటలు (ప్రోటాన్ ఇచ్చే పదాల వరుస), రికవరీ ఫైలు లాంటివి లేనిదే పాత ఉత్తరాలు విప్పుకోలేరు. అదే కవరులో ఇంకో కాగితం మావారికి, అమ్మాయికి రాసి ఉంచాను. డొమైన్ ఎక్కడ కొన్నదీ, మెయిల్ ఎక్కడున్నదీ, ఏడాదికి ఎంత ఎప్పుడు కట్టాలో, నాకేమైనా అయితే కనీసం మూడేళ్ళు ఆపకుండా కట్టమనీ రాశాను. మావారి చేత అందులో చూసి ఒకసారి లాగిన్ చేయించాను. రెండు చోట్ల తడబడ్డారు. ఆ రెండు వాక్యాలు మార్చి రాశాను.

పాత ఖాతాను ఇప్పటికీ మూడు నెలలకు ఒకసారి తెరుస్తాను. జీమెయిల్ వాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి, రెండేళ్ళు వాడని ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. కిందటిసారి తెరిచినప్పుడు నాలుగు ఉత్తరాలు ఉన్నాయి. మూడు ప్రకటనలు. నాలుగోది తెనాలి నుంచి ఒకాయన రాసింది. పదిహేనేళ్ళ క్రితం నేను కూర్చిన పుస్తకంలో రెండో పేజీ చూసి, వాళ్ళ నాన్నగారి పద్యాలు అచ్చు వేయించాలని అడిగారు. కొత్త చిరునామా నుంచి జవాబు రాశాను. విషయ పంక్తిలో ముందుగా 131 అని వేశాను.